బ్యాటరీ బండి ఎంత దూరం పోతుంది?

ఇప్పుడు మన ఊళ్లలో బ్యాటరీ బండ్లు తిరుగుతున్నాయి. కొందరు చార్జింగ్ బండి అంటారు. ఇంకొందరు కరెంటు బండి అంటారు. ఏ పేరుతో పిలిచినా బండి అదే. దానికి పెట్రోలు అక్కర్లేదు. పొగ రాదు. చప్పుడు చెయ్యదు. రాత్రి చార్జింగ్ పెడితే పొద్దున్నే తయారుగా ఉంటుంది.

అయితే బండి ధర తక్కువేమీ కాదు. చాలామంది అప్పు చేసి కొంటారు. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకునేవాళ్లు ఉన్నారు. నెలనెలా వాయిదాలు కట్టేవాళ్లు ఉన్నారు. కొన్నాక బాధపడి లాభం లేదు. కొనేముందే తెలుసుకోవాలి.

దుకాణం ముందు పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. "ఒక్క చార్జింగ్‌తో 120 కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది. ఇంటికి తెచ్చాక 80, 90 మాత్రమే వస్తుంది. మరి బోర్డు అబద్ధమా? ప్రతిసారీ అబద్ధం కాదు. ఆ లెక్క వేరు, మన రోడ్డు వేరు. మన రోడ్డు లెక్క మనమే వేసుకోవాలి. కూడిక, గుణింతం వస్తే చాలు. ఎట్లాగో చూద్దాం.

మోటారు వేరు, బ్యాటరీ వేరు

ఎద్దుబండిని గుర్తు చేసుకోండి. బండిని లాగేది ఎద్దు. ఎద్దుకు బలం ఇచ్చేది మేత. ఎద్దు ఎంత బలమైనదైతే అంత బరువు లాగుతుంది. మేత ఎంత ఉంటే అంత దూరం పోతుంది. ఎద్దు పెద్దదైనంత మాత్రాన మేత పెరగదు గదా!

బ్యాటరీ బండి కూడా అంతే. మోటారు ఎద్దులాంటిది. బ్యాటరీ మేతలాంటిది. బండి వేగం, ఎత్తు ఎక్కే శక్తి మోటారును బట్టి ఉంటాయి. బండి పోయే దూరం బ్యాటరీలో ఉన్న కరెంటును బట్టి ఉంటుంది. ఈ దూరాన్నే దుకాణంలో రేంజ్ అంటారు. "పెద్ద మోటారు, కాబట్టి ఎక్కువ దూరం పోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ రెండూ వేర్వేరు సంగతులు.

మోటారు బలం ఎట్లా కొలుస్తారు?

మోటారు బలాన్ని వాట్లలో కొలుస్తారు. వాట్ మనకు కొత్త మాట కాదు. ఎల్‌ఇడి బల్బు మీద 9 వాట్లు అని ఉంటుంది. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. ఇస్త్రీపెట్టె 1,000 వాట్లు తీసుకుంటుంది. వెయ్యి వాట్లను ఒక కిలోవాట్ అంటారు.

రైతులకు హెచ్‌పీ లెక్క తెలుసు. బోరుకు 5 హెచ్‌పీ మోటారు బిగిస్తారు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అంటే 5 హెచ్‌పీ మోటారు సుమారు 3,700 వాట్లది.

ఇప్పుడు బండ్ల సంగతి చూద్దాం. చిన్న బ్యాటరీ బండికి 250 వాట్ల మోటారు ఉంటుంది. అది ఒక హెచ్‌పీలో మూడో వంతు. పెద్ద బండికి 2,000 నుంచి 4,000 వాట్ల దాకా ఉంటుంది. అంటే ఆ బండి చక్రం వెనక బోరు మోటారంత బలం ఉందన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాగితం మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మోటారు ఎడతెగకుండా ఇవ్వగల బలం. రెండోది కొద్ది సెకన్లు మాత్రమే ఇవ్వగల బలం. దీన్ని పీక్ పవర్ అంటారు. బస్తా ఎత్తేటప్పుడు మనిషి ఒక్కసారి బలమంతా పెడతాడు. అంత బలం రోజంతా పెట్టలేడు. మోటారు కూడా అంతే. బోర్డు మీద పెద్దగా రాసేది ఎక్కువసార్లు పీక్ పవరే. మీరు మాత్రం మొదటి అంకె అడగండి. రెండు బండ్లను పోల్చేటప్పుడు ఒకదాని పీక్‌ను ఇంకోదాని మామూలు బలంతో పోల్చకూడదు.

మోటారు ఎక్కడ ఉందో కూడా చూడాలి. కొన్ని బండ్లలో మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. దీన్ని హబ్ మోటారు అంటారు. ఇందులో గొలుసు, బెల్టు ఉండవు. రిపేరు తక్కువ. చదును రోడ్డుకు బాగుంటుంది. ఇంకొన్ని బండ్లలో మోటారు మధ్యలో ఉంటుంది. అది బెల్టుతోగానీ గొలుసుతోగానీ చక్రాన్ని తిప్పుతుంది. ఎత్తు ఎక్కడానికి ఇది మేలు. గుంతల రోడ్డు మీద కూడా బండి అదుపులో ఉంటుంది. కాని కొంతకాలానికి బెల్టు, గొలుసు మార్చాలి. ఆ ఖర్చు ఉంటుంది.

ఇంకో సంగతి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోలు మించని బరువు. ఈ మూడూ ఉన్న బండికి, పరీక్ష చేయించిన కాగితం ఉంటే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నడిపేవారికి లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించిన బండికి రెండూ కావాలి. దానికి పచ్చ నంబరు ప్లేటు వేస్తారు. కొందరు చిన్న బండికి వైరు మార్చి వేగం పెంచుతామంటారు. ఒప్పుకోకండి. వేగం పెరిగితే అది చట్టం ప్రకారం పెద్ద బండి అవుతుంది. కాగితాలు లేకుండా నడిపితే కేసు పెడతారు. బ్రేకులు కూడా ఆ వేగానికి చాలవు.

బ్యాటరీలో ఎన్ని యూనిట్లు?

ఇంటికి కరెంటు బిల్లు వస్తుంది. అందులో యూనిట్లు రాసి ఉంటాయి. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడితే ఒక యూనిట్. బ్యాటరీలో పట్టే కరెంటును కూడా ఈ యూనిట్లలోనే చెబుతారు. కాగితం మీద దాన్ని కిలోవాట్ అవర్ అంటారు. అంకె పక్కన ఇంగ్లీషులో కె, డబ్ల్యు, హెచ్ అనే మూడు అక్షరాలు ఉంటాయి. ఆ మూడక్షరాలు కనిపిస్తే యూనిట్ అని చదువుకోండి. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 3 యూనిట్ల బ్యాటరీ.

కొన్ని కాగితాల మీద ఆ అంకె ఉండదు. వోల్టులు, ఆంపియర్ అవర్లు మాత్రమే ఉంటాయి. అప్పుడు ఆ రెండూ గుణించాలి. వచ్చినదాన్ని 1,000తో భాగించాలి.

మొదటి బండి: 60 వోల్టులు, 30 ఆంపియర్ అవర్లు.
60 × 30 = 1,800. అంటే 1.8 యూనిట్లు.

రెండో బండి: 50 వోల్టులు, 60 ఆంపియర్ అవర్లు.
50 × 60 = 3,000. అంటే 3 యూనిట్లు.

మొదటిదానికి వోల్టులు ఎక్కువ. కాని యూనిట్లు తక్కువ. వోల్టులు ఒక్కటే చూస్తే మోసపోతాం.

ఒక యూనిట్‌తో ఎంత దూరం?

మామూలు బ్యాటరీ స్కూటరు మన రోడ్ల మీద ఒక యూనిట్‌తో సుమారు 30 నుంచి 40 కిలోమీటర్లు పోతుంది. ఇది గుర్తుంచుకోవలసిన అంకె. బ్యాటరీ 3 యూనిట్లదైతే 90 నుంచి 120 కిలోమీటర్లు. మెల్లగా, ఒక్కరే, చదును రోడ్డు మీద పోతే 120. బరువుతో, ఎత్తుపల్లాల దారిలో పోతే 90. ఇంకా వేగంగా పోతే ఆ 90 కూడా రాదు.

పెట్రోలు బండితో పోల్చి చూద్దాం. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. దానితో స్కూటరు 45 కిలోమీటర్లు పోతుందనుకుందాం. అంటే యూనిట్‌కు 5 కిలోమీటర్లు. అదే బ్యాటరీ బండి యూనిట్‌కు 30 పైన పోతుంది. ఎందుకింత తేడా? పెట్రోలు ఇంజనులో ఎక్కువ భాగం శక్తి వేడిగా పోతుంది. సైలెన్సరు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది గదా! కరెంటు మోటారులో అంత వేడి ఉండదు. దానికి ఇచ్చిన కరెంటులో చాలా భాగం చక్రం తిప్పడానికే పోతుంది.

బోర్డు మీది అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రతి కంపెనీ తన బండిని ప్రభుత్వం ఒప్పుకున్న పరీక్షశాలలో చూపించాలి. అలాంటిది ఒకటి పూణేలో ఉంది. అక్కడ బండిని రోలర్ల మీద నిలబెట్టి నడుపుతారు. ఎంతసేపు ఎంత వేగంతో నడపాలో ముందే నిర్ణయం అయి ఉంటుంది. ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో వేగం గంటకు 42 కిలోమీటర్లు దాటదు. సగటు వేగం 22 కూడా ఉండదు. అక్కడ ఎదురుగాలి లేదు. గుంతలు లేవు. వెనక సీటు మీద మనిషి లేడు. కూరగాయల మూట లేదు.

ఆ పరీక్ష పనికిరానిది కాదు. అన్ని బండ్లనూ ఒకే తీరుగా నడిపితేనే ఏది మేలో తెలుస్తుంది. రెండు బండ్లను పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. మన రోడ్డు మీద ఎంత వస్తుందో అది చెప్పదు.

దూరం ఎందుకు తగ్గుతుంది?

మొదటిది వేగం. వేగం పెరిగితే గాలి అడ్డుకుంటుంది. సైకిలు తొక్కేవారికి ఈ సంగతి తెలుసు. వేగం రెట్టింపు అయితే గాలి అడ్డుకునే బలం నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 30 వేగంతో పోయినప్పుడు వచ్చే దూరం, 60 వేగంతో పోతే సుమారు సగానికి పడిపోవచ్చు.

రెండోది బరువు. ఇద్దరు ఎక్కినా, మూటలు వేసినా మోటారు ఎక్కువ లాగాలి.

మూడోది ఎత్తు. తిరుమల కొండను చూడండి. తిరుపతి కంటే ఆ కొండ ఆరేడు వందల మీటర్ల ఎత్తులో ఉంది. బండి, దాని మీద ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుందాం. అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికే సుమారు అర యూనిట్ కరెంటు కావాలి. దారి దూరానికి అయ్యే ఖర్చు వేరే.

మోటారు బలం తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. 2,000 వాట్ల మోటారు ఆ అర యూనిట్ పనిని పావుగంటలో చెయ్యగలదు. 250 వాట్ల మోటారుకు అదే పనికి రెండు గంటలు కావాలి. అంతసేపు బలమంతా పెట్టి లాగితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. చిన్న మోటారు చెడ్డది కాదు. అది కొండ ఎక్కడానికి చేసింది కాదు, అంతే.

కొండ దిగేటప్పుడు కొన్ని బండ్లలో మోటారే డైనమోలాగా తిరుగుతుంది. కొంచెం కరెంటు మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. కాని ఎక్కేటప్పుడు ఖర్చయినదంతా తిరిగి రాదు.

నాలుగోది మన అలవాట్లు. టైర్లలో గాలి తక్కువైతే బండి బరువుగా నడుస్తుంది. మాటిమాటికీ బ్రేకు వేసి మళ్లీ ఒక్కసారిగా వేగం పెంచితే కరెంటు వృథా అవుతుంది.

అయిదోది బ్యాటరీ వయసు. ఏటేటా బ్యాటరీలో పట్టే కరెంటు తగ్గుతుంది. కొన్నేళ్లకు 3 యూనిట్ల బ్యాటరీలో 2.4 యూనిట్లే పడతాయి. అంటే అయిదింట నాలుగు వంతులు. కొత్త బండి లెక్క చూసి కొంటే పాత బండితో ఇబ్బంది పడతాం.

సీసం బ్యాటరీ, లిథియం బ్యాటరీ

బ్యాటరీల్లో ముఖ్యంగా రెండు రకాలు. సీసం బ్యాటరీ పాతది. 1859లో ఫ్రాన్సు దేశంలో దాన్ని తయారుచేశారు. మన ఇన్వర్టర్లలో, ట్రాక్టర్లలో ఇప్పటికీ అదే ఉంటుంది. లిథియం బ్యాటరీ 1991లో జపానులో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. దానికి దారి వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సెల్‌ఫోనులో ఉండేది ఈ రకమే.

సీసం బ్యాటరీ ధర తక్కువ. కాని బరువు చాలా ఎక్కువ. 1.8 యూనిట్ల సీసం బ్యాటరీలు 45, 50 కిలోలు తూగుతాయి. అంతే కరెంటు పట్టే లిథియం బ్యాటరీ సుమారు 15 కిలోలు ఉంటుంది. సీసం బ్యాటరీని అడుగు దాకా ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది. అందులో మూడో వంతు ఎప్పుడూ మిగిల్చి ఉంచాలి. నిండా వాడి నిండా చార్జింగ్ పెడితే సుమారు 300 నుంచి 500 సార్లు వస్తుంది. లిథియం బ్యాటరీ వెయ్యి సార్లకు అటూ ఇటూ వస్తుంది. లిథియంలోనే ఎల్‌ఎఫ్‌పీ అనే రకం ఉంది. అది 2,000 సార్ల పైన వస్తుంది. ఎండవేడిని కూడా బాగా తట్టుకుంటుంది. కాని కొంచెం బరువు ఎక్కువ.

అక్కాచెల్లెళ్లు వేసిన లెక్క

ఒక ఊళ్లో అక్కాచెల్లెళ్లు ఉన్నారనుకుందాం. అక్క కూరగాయలు పండిస్తుంది. పట్నంలో రైతు బజారుకు తీసుకుపోయి అమ్ముతుంది. పోను 24, రాను 24. మొత్తం 48 కిలోమీటర్లు. పోయేటప్పుడు 40 కిలోల మూట ఉంటుంది. చెల్లెలు పక్క ఊరి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పోను 6, రాను 6. మొత్తం 12 కిలోమీటర్లు. ఇద్దరూ సంఘంలో అప్పు తీసుకున్నారు. దుకాణానికి పోయారు.

కుర్రాడు ఒక ఎర్ర బండి చూపించాడు.

"అక్కా, దీని రేంజ్ 120. కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు.

"కళ్లు మూసుకుంటే కాగితం ఎట్లా చదవాలి తమ్ముడూ? బ్యాటరీ ఎన్ని యూనిట్లది?" అంది అక్క.

కుర్రాడు కాగితం తెచ్చి ఇచ్చాడు. అక్క వేలు పెట్టి చదివింది. బ్యాటరీ 3 యూనిట్లు. లిథియం. మోటారు 2,200 వాట్లు.

"నేను 40 కిలోల మూట వేసుకుని పోతాను. దారిలో ఎత్తు ఉంది. 120 వస్తుందా?"

కుర్రాడు కాసేపు ఆగాడు.

"లోడుతో అయితే 80, 90 వస్తుంది అక్కా."

"మరి బోర్డు మీద రాసింది ఎవరి కోసం?" అంది చెల్లెలు.

"అది టెస్టులో వచ్చిన లెక్క అక్కా" అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

"అయితే మేం కూడా ఒక టెస్టు చేస్తాం. మూట వేసుకుని పది కిలోమీటర్లు నడిపి చూస్తాం" అంది అక్క.

బయలుదేరేటప్పుడు మీటరు మీద 100 శాతం ఉంది. 10 కిలోమీటర్లు తిరిగి వచ్చాక 89 శాతం ఉంది. అంటే 11 శాతం ఖర్చయింది. 3 యూనిట్లలో 11 శాతం అంటే 0.33 యూనిట్. 10ని 0.33తో భాగిస్తే సుమారు 30. యూనిట్‌కు 30 కిలోమీటర్లు వచ్చింది. ఆమె మూటతో, ఆమె వేగంతో వచ్చిన లెక్క ఇది.

తరువాత అక్క పాత బ్యాటరీ లెక్క వేసింది. కొన్నేళ్లకు 3 యూనిట్లు 2.4 అవుతాయి. అందులో అయిదో వంతు అవసరానికి ఉంచుకోవాలి. మిగిలింది సుమారు 1.9 యూనిట్లు. 1.9 × 30 = 57 కిలోమీటర్లు. ఆమెకు కావలసింది 48. సరిపోతుంది.

అదే ఆమె రోజూ 60 వేగంతో పోతే? అప్పుడు యూనిట్‌కు 22 కిలోమీటర్లే రావచ్చు. 1.9 × 22 = 42 కిలోమీటర్లు. 48కి చాలదు. అవసరానికి ఉంచుకున్నది కూడా వాడాలి. ఆ రోజు ఎదురుగాలి వస్తే చీకట్లో, ఊరి బయట బండి నెట్టుకుంటూ రావాలి. బ్యాటరీ అదే, బండి అదే. వేగం ఒక్కటే మారింది.

కుర్రాడు ఇంకో పచ్చ బండి కూడా చూపించాడు. దాని మోటారు 4,000 వాట్లు. బ్యాటరీ మాత్రం అదే 3 యూనిట్లు. ధర ఎక్కువ. "మేత అంతే ఉన్నప్పుడు పెద్ద ఎద్దు ఎందుకు?" అంది అక్క. ఆమె దారికి 2,200 వాట్లు చాలు. ఎర్ర బండి తీసుకుంది.

చెల్లెలు చిన్న బండి చూసింది. మోటారు 250 వాట్లు. సీసం బ్యాటరీ, 1.8 యూనిట్లు. బోర్డు మీద 80 అని ఉంది. మూడో వంతు మిగల్చాలి కాబట్టి వాడుకోగలిగింది 1.2 యూనిట్లు. మెల్లగా పోయే చిన్న బండి కాబట్టి యూనిట్‌కు 40 వేసుకుంది. 1.2 × 40 = 48 కిలోమీటర్లు. ఆమెకు కావలసింది 12. బ్యాటరీ సగానికి పడిపోయినా పని జరుగుతుంది. లైసెన్సు అవసరం లేదు. ఆమె చిన్న బండి తీసుకుంది.

ఆ చిన్న బండి అక్కకు పనికొస్తుందా? రాదు. కొత్తదానికే 48 కిలోమీటర్లు. కొన్ని నెలలకే అది తగ్గుతుంది. మూటతో ఎత్తు ఎక్కాలంటే కాళ్లు పెట్టి నెట్టుకోవాలి. అక్కకు మంచి బండి చెల్లెలికి ఖర్చు ఎక్కువ. చెల్లెలికి మంచి బండి అక్కకు చాలదు. కాబట్టి "ఏ బండి మంచిది?" అని అడగకూడదు. "నా దారికి ఏ బండి సరిపోతుంది?" అని అడగాలి.

నెలకు ఎంత మిగులుతుంది?

అక్క నెలకు 26 రోజులు బజారుకు పోతుంది. 48 × 26 = 1,248 కిలోమీటర్లు. యూనిట్‌కు 30 చొప్పున సుమారు 42 యూనిట్లు. చార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది. అదీ కలిపితే 48 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 288 రూపాయలు.

పెట్రోలు బండికి లీటరుకు 45 కిలోమీటర్లు వస్తే సుమారు 28 లీటర్లు కావాలి. 2025లో హైదరాబాదులో లీటరు 107 రూపాయల పైన ఉంది. 28 × 107 = 2,996 రూపాయలు. తేడా 2,700 దాకా ఉంది. నెల వాయిదాలో ఎక్కువ భాగం దీనితోనే కట్టవచ్చు.

ఒక జాగ్రత్త. మన కరెంటు బిల్లుకు స్లాబులు ఉంటాయి. యూనిట్లు పెరిగితే పైవాటి ధర కూడా పెరుగుతుంది. మీ పాత బిల్లు తీసి చూసుకోండి. అందులో 48 యూనిట్లు కలిపి లెక్క వేయండి. ఇంకో సంగతి కూడా ఉంది. ఎప్పటికైనా కొత్త బ్యాటరీ కొనాలి. అది పెద్ద ఖర్చు. నెలనెలా మిగిలినదాంట్లో కొంత దానికోసం సంఘంలో పొదుపు చేసుకోవాలి.

చార్జింగ్ పెట్టేటప్పుడు జాగ్రత్త

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు చనిపోయారు. ఇంట్లో మనుషులు పడుకున్న చోట చార్జింగ్ పెట్టిన బండి బ్యాటరీలు పేలాయి. ఆ ఏడాది దేశంలో ఇంకా కొన్నిచోట్ల బండ్లు కాలిపోయాయి. తరువాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. ఏఐఎస్ 156 అనే ఆ నియమాలు 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న రెండో విడత అమలులోకి వచ్చాయి. కొనే బ్యాటరీకి ఆ పరీక్ష అయిందో లేదో అడగండి. మన జాగ్రత్త కూడా మనకు ఉండాలి.

పడుకునే గదిలో చార్జింగ్ పెట్టకూడదు. గుమ్మానికి, మెట్లకు అడ్డంగా పెట్టకూడదు. మంట లేస్తే బయటికి దారి ఉండాలి.

ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. బ్యాటరీ చల్లబడే దాకా ఆగాలి.

బండితో వచ్చిన చార్జరే వాడాలి. వేరే బండి చార్జరు వాడకూడదు.

ఎర్త్ ఉన్న మంచి ప్లగ్గు వాడాలి. అతుకుల వైరు, వదులు ప్లగ్గు వద్దు.

బ్యాటరీ ఉబ్బినా, కారినా, కాలిన వాసన వచ్చినా వాడటం ఆపాలి. వానలో మునిగిన బండిని మెకానిక్కుకు చూపించకుండా చార్జింగ్ పెట్టకూడదు.

కొనేముందు ఏం అడగాలి?

1. బ్యాటరీ ఎన్ని యూనిట్లు? సీసమా, లిథియమా?
2. మోటారు ఎడతెగకుండా ఇచ్చే బలం ఎన్ని వాట్లు?
3. మన దారిలో, మన బరువుతో యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది?
4. బ్యాటరీకి గ్యారంటీ ఎన్నేళ్లు? ఎన్ని కిలోమీటర్లు? ఎంత తగ్గితే మారుస్తారు?
5. కొత్త బ్యాటరీ ధర ఎంత?
6. రిపేరు చేసే చోటు ఎంత దూరంలో ఉంది?

నోటిమాట చాలదు. ఈ ఆరింటికీ జవాబులు కాగితం మీద రాయించుకోండి. రాసినదాన్ని చదవండి. చదివాకే సంతకం పెట్టండి.

ఒక గుర్తు పెట్టుకోండి. మీ దారిలో నిండు బ్యాటరీకి వచ్చే దూరం, మీరు రోజూ తిరిగే దూరానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి. అప్పుడే బ్యాటరీ పాతదైనా ఇబ్బంది ఉండదు.

మీరే లెక్క వేయండి

1. ఒక బ్యాటరీ 48 వోల్టులు, 25 ఆంపియర్ అవర్లు. అది ఎన్ని యూనిట్లు?
2. ఒక బ్యాటరీ 2.5 యూనిట్లు. మీ దారిలో యూనిట్‌కు 30 కిలోమీటర్లు వస్తుంది. నిండు బ్యాటరీకి ఎంత దూరం? రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవారికి అది సరిపోతుందా?
3. మీ ఊళ్లో బ్యాటరీ బండి ఉన్నవారిని కలవండి. బోర్డు మీద ఎంత ఉందో, నిజంగా ఎంత వస్తుందో అడిగి రాసుకోండి. తేడా ఎందుకు వచ్చిందో అందరూ కలిసి మాట్లాడుకోండి.

జవాబులు: 1. 48 × 25 = 1,200. అంటే 1.2 యూనిట్లు. 2. 75 కిలోమీటర్లు. 40కి ఒకటిన్నర రెట్లు 60. 75 దానికంటే ఎక్కువ కాబట్టి సరిపోతుంది.